చెరకు దారి దోహా దాకా

దోహా నగరానికి దక్షిణాన, అబూ హమూర్ వైపు వెళ్తే చర్చీలన్నిటినీ ఒకే ఆవరణలో కట్టించిన చోటు వస్తుంది. 2008లో ఇక్కడే ఖతార్ తొలి క్యాథలిక్ చర్చి తలుపులు తెరిచింది. దానికి దగ్గర్లో గోదాములాంటి భవనం ఒకటి ఉంది. ముందు సీసా బొమ్మలు లేవు, మెరిసే దీపాలు లేవు. మన ఊరి వైన్స్ ముందు కనిపించే గుంపు లేదు, పల్లీల బండి అసలే లేదు. కార్లు వస్తాయి, డిక్కీలు తెరుచుకుంటాయి, వెళ్లిపోతాయి. ఖతార్‌లో ఉద్యోగం చేసుకునే విదేశీయుడు ఇంటికి ఒక సీసా తెచ్చుకోవాలంటే ఎక్కాల్సింది ఈ సంస్థ గుమ్మమే. పేరు ఖతార్ డిస్ట్రిబ్యూషన్ కంపెనీ. అందరూ క్యూడీసీ అంటారు. యజమాని ఖతార్ ఎయిర్‌వేస్. విమానాలు నడిపేవాళ్లే మందు అమ్ముతారు, 2011 చివరి నుంచి పంది మాంసమూ అమ్ముతున్నారు. రంజాన్ నెలలో మందు అమ్మకం ఆపేస్తారు.

ఇక్కడ జేబులో డబ్బుంటే సరిపోదు. నివాస కార్డు కావాలి, కంపెనీ ఇచ్చిన జీతం ఉత్తరం కావాలి, వెయ్యి రియాళ్లు డిపాజిట్ కట్టాలి. అప్పుడు పర్మిట్ చేతికొస్తుంది. దానికీ కనీస జీతం గీత ఉంది. ఆ గీత ఇన్నేళ్లుగా మూడు, నాలుగు వేల రియాళ్ల దగ్గర తిరుగుతోంది. నెలకు ఎంత కొనొచ్చన్నదీ జీతాన్ని బట్టే తేలుతుంది. మరోవైపు, 2021 మార్చి 20 నుంచి దేశమంతటా అమలైన కనీస వేతనం నెలకు వెయ్యి రియాళ్లు. కంపెనీ తిండి పెట్టకపోతే మరో 300, వసతి ఇవ్వకపోతే 500. అన్నీ కలిపినా పద్దెనిమిది వందలు. నిజామాబాద్ నుంచో, జగిత్యాల నుంచో, రాయచోటి నుంచో వచ్చి ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల్లో ఉండే మనవాళ్లలో చాలామంది లెక్క ఇదే. వాళ్లకు ఈ గుమ్మం లేనట్టే.

జీతాన్ని, హోదాను బట్టి మందు కొలిచి పోయడం మనకు కొత్తేమీ కాదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఉంది. ఇంటికొక జవాను అన్న పేరున్న ఊరు. అలాంటి ఊళ్లలో రిటైరైన హవల్దారు క్యాంటీన్ కార్డు మీద వచ్చే రమ్ము సీసాకు ఎంత విలువో చుట్టుపక్కల అందరికీ తెలుసు. పెళ్లికి పిలుపు మర్చిపోయినా ఆయన్ను సంక్రాంతికి మర్చిపోరు. అక్కడ ర్యాంకు, ఇక్కడ జీతం. కాకపోతే మాధవరంలో కోటా సీసా ఊరంతా తిరుగుతుంది. ఖతార్‌లో పర్మిట్ సీసా ఇంకొకరికి అమ్మినా, ఇచ్చినా పర్మిట్ పోతుంది. అంతటితో ఆగకపోవచ్చు కూడా. తాగి వీధిలో కనబడితే చట్టం ప్రకారం ఆరు నెలల దాకా జైలు, మూడు వేల రియాళ్ల దాకా జరిమానా.

పర్మిట్ లేని నాలాంటివాడికి మిగిలింది హోటల్ బారు. అదీ లైసెన్సున్న పెద్ద హోటళ్లలోనే. 1982లో కార్నిష్ చివర పిరమిడ్ ఆకారంలో షెరటన్ లేచినప్పుడు చుట్టూ చెప్పుకోదగ్గ కట్టడం లేదు. ఇప్పుడు దాని వెనక వెస్ట్ బే అంతా అద్దాల మేడలే. ఆ మేడల్లో ఒకదాని పైఅంతస్తులో, గుమ్మం దగ్గర పాస్‌పోర్టు చూపించి లోపలికెళ్లాను. అన్ని సీసాల్లోకీ నా కంట పడ్డది ఒకటి: ఫోర్‌స్క్వేర్ 2005. బార్బడోస్ ద్వీపంలో కాచి, బర్బన్ విస్కీ ఖాళీ చేసిన ఓక్ పీపాల్లో పన్నెండేళ్లు ఉంచి, 59 శాతం దగ్గర సీసాకెత్తిన రమ్ము. రంగు కలపలేదు, పంచదార కలపలేదు. 2019 జనవరి 1న ఖతార్ మద్యం మీద వంద శాతం ఎక్సైజ్ పన్ను వేసింది. అప్పుడు క్యూడీసీలో లీటరు బాంబే సఫైర్ జిన్ 340 రియాళ్లకు చేరిందని పత్రికలు రాశాయి. హోటల్లో దాని మీద హోటల్ లాభం కూడా ఎక్కుతుంది. ఒక కార్మికుడి నెల తిండికి చట్టం లెక్కగట్టిన ఆ 300 రియాళ్లలో నాలుగో వంతు కంటే ఎక్కువే నేను ఆ ఒక్క పెగ్గుకి చెల్లించాను. బిల్లు చూశాక మెల్లగా తాగడం దానంతటదే వచ్చింది.

మెల్లగానే తాగాలి కూడా. మన సీసాల మీద ఉండేది 42.8 శాతం. దానికి అలవాటు పడ్డ ముక్కును ఈ గ్లాసులో ముంచితే ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. గ్లాసును గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కాస్త తెరిచి, దూరం నుంచే గాలి పీల్చాలి. మొదటి గుక్క రుచికి కాదు, నాలుకకు సంగతి తెలియజేయడానికి. అర చెంచా చాలు, నోరంతా తిప్పి మింగితే మంట గొంతులో దిగి ఛాతీలో ఆగుతుంది. రెండో గుక్కకు మంట పక్కకు తప్పుకుంటుంది. ముందు పచ్చికొబ్బరి కోరు వాసన, వెనకే బెల్లం పాకం ముదిరి అడుగంటబోయే ముందు వచ్చే చేదు తీపి. ఆపైన లవంగం, ఎండిన ఖర్జూరం, పాత బీరువా తలుపు తీసినప్పటి చెక్క వాసన. చివర్లో నాలుక అంచున మామిడి టెంక చీకినట్టు వగరు.

ఇందులో చెరకు ఇచ్చింది ఎంత, చెక్క ఇచ్చింది ఎంత అని విడదీస్తే చెక్క వాటాయే ఎక్కువని నాకనిపించింది. కొబ్బరి వాసన ఓక్ చెక్కలోని లాక్టోన్లది. వెనిల్లా చెక్కలోని లిగ్నిన్ విరగ్గా వచ్చేది. లవంగం వాసనకు కారణమైన యూజినాల్ కూడా ఓక్‌లో ఉంటుంది. పీపా లోపల నిప్పుతో కాల్చినప్పుడు చెక్కలోని చక్కెరలు మాడి పాకం వాసన ఇస్తాయి. అమెరికా చట్టం బర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే ఉంచాలంటుంది. అందుకే ఒకసారి వాడిన పీపాలు అక్కడ వాళ్లకు పనికిరావు. లోకంలోని రమ్ము, స్కాచ్ చేసేవాళ్లు వాటిని కొనుక్కుపోతారు. ఇక నాలుగు చుక్కల నీళ్లు పోస్తే ఏమవుతుందన్నది స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో విస్కీ మీద కంప్యూటర్‌తో లెక్కకట్టారు. నీళ్లు కలిసేకొద్దీ పొగ వాసనకు కారణమైన గ్వాయాకాల్ అణువులు ద్రవం పైకి తేలతాయట. నేను పోసి చూశాను. నా గ్లాసులో పైకి తేలింది పొగ కాదు, మాగిన అరటిపండు. అంతకుముందు అది ఎక్కడ దాక్కుందో తెలియదు.

నీళ్లు తెచ్చిపెట్టిన కుర్రాడు అప్పటిదాకా ఇంగ్లీషులో సర్ అంటున్నాడు. నా ఫోన్ మోగి నేను మాట్లాడటం విని, "అన్నా, తెలుగోళ్లా?" అన్నాడు. వాళ్లది బోధన్ పక్కన పల్లె. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి వచ్చాడట. గల్ఫ్ అనగానే మనకు తాపీ పని, ఎండ గుర్తొస్తాయి గానీ ఇలాంటివాళ్లూ బాగానే పెరుగుతున్నారు. "ఇంత ఘాటుది ఎవ్వరడగరు. కోక్ పొయ్యమంటరు. ఖరాబు అయితది" అన్నాడు. నువ్వు రుచి చూశావా అంటే, ట్రైనింగులో ఒక బొట్టు చూపించారన్నాడు. "మూత దియ్యంగనే మా ఊరి బట్టి యాదికొచ్చిందన్నా. గదే బెల్లం వాసన. మిగితాది అంత కట్టెది."

అతను చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మన ఎక్సైజ్ వాళ్లు పట్టుకున్న ప్రతిసారీ పత్రికల్లో వచ్చే నల్లబెల్లం, బెల్లపు ఊట, వీటిని వరసగా పేరిస్తే సగం రమ్ము తయారీ వచ్చేసినట్టే. చెరకు తీపిని నీళ్లలో కరిగించి, పులియబెట్టి, ఆ ఊటను బట్టీ మీద కాచి, ఆవిరిని చల్లార్చి పట్టడం. బార్బడోస్‌లో జరిగేదీ ఇదే. మనవాళ్లు తుమ్మచెక్క ఊటలోనే వేస్తారు, వాళ్లు ఓక్ చెక్కను కాచాక వాడతారు. అసలు తేడా ఆ తరువాత వస్తుంది. కాచేటప్పుడు మొదట దిగేదీ చివర దిగేదీ పక్కనపెట్టి నడిమి భాగాన్నే తీసుకునే ఓపిక, దాన్ని పన్నెండేళ్లు తాళం వేసి ఉంచగల పెట్టుబడి, ప్రతి పీపానూ లెక్కరాసుకునే ప్రభుత్వం. గుడుంబ కాచేవాడికి ఈ మూడూ ఉండవు. తెల్లారేలోపు పోలీసులు రావచ్చు, సాయంత్రంలోపు డబ్బు కావాలి. అలాంటివాణ్ని పీపాలో పోసి పన్నెండేళ్లు ఆగమంటే నవ్వుతాడు.

ఈ బట్టీ సంగతి వెనక్కి తవ్వుకుంటూ పోతే మళ్లీ ఈ అరబ్ నేల మీదికే వస్తాం. చెరకును తొలుత సాగు చేసింది న్యూగినీ వాళ్లు, దాని రసాన్ని పలుకులుగా గట్టిపరచడం నేర్పింది మన దేశం. అక్కడి నుంచి పర్షియాకు, పర్షియా నుంచి అరబ్బుల చేతుల్లో ఈజిప్టు, సిసిలీ, స్పెయిన్‌లకు చెరకు వెళ్లింది. కాచి ఆవిరి పట్టే విద్య మీద వాళ్లు గ్రంథాలూ రాశారు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ కిందీ అత్తర్లు, నూనెలు తీసే పద్ధతుల మీద ఒక పుస్తకమే రాశాడు. ఈ రెండు విద్యలూ యూరప్ మీదుగా అట్లాంటిక్ దాటాయి. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో చెరకు మొక్కలు కరీబియన్‌కు తీసుకెళ్లాడు. పదిహేడో శతాబ్దం నడుమ బార్బడోస్ చక్కెర తోటల్లో మిగిలిపోయిన మొలాసిస్‌ను కాచడం మొదలైంది. తోటల్లో చెరకు నరికినవాళ్లు ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చిన బానిసలు. ఆ సంగతి పక్కనపెట్టి రమ్ము చరిత్ర చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

బ్రిటిష్ రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక ఆ కొడవళ్లు మనవాళ్ల చేతికొచ్చాయి. 1834లో మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను తీసుకెళ్లడం మొదలైంది. వాళ్లు దిగిన మెట్లు ఆప్రవాసీ ఘాట్ పేరుతో ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం. కోరంగి రేవు నుంచి, విశాఖ తీరం నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు మారిషస్‌లో ఇవాళ్టికీ ఉగాది చేసుకుంటున్నారు. ఒప్పందం కాగితం, అడ్వాన్సు ఇచ్చే మేస్త్రీ, ఓడ ఎక్కాక మాట మారడం. గల్ఫ్ ఏజెంట్ల సంగతి తెలిసినవాళ్లకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక 59 శాతం అంటే ఎంత? పూర్వం ఇంగ్లండులో తుపాకిమందు మీద మద్యం పోసి అంటించేవాళ్లట. మందు అంటుకుంటే సరుకు అసలైనది, తుస్సుమంటే నీళ్లు కలిసినట్టు. ఆ తరువాత కొలతలొచ్చి ఆ గీత 57 శాతం చిల్లర దగ్గర స్థిరపడింది. అదే బ్రిటిష్ ప్రూఫ్. మన ఎక్సైజ్ శాఖ ఇప్పటికీ ఆ లెక్కే వాడుతుంది. మన సీసాల 42.8 శాతం వాళ్ల పుస్తకాల్లో 25 యూపీ, అంటే ప్రూఫ్‌కు పాతిక పాళ్లు తక్కువ. నా గ్లాసులో ఉన్నది గీత దాటి మూడు పాళ్లు పైన. బ్రిటిష్ నౌకాదళం నావికులకు రోజూ మధ్యాహ్నం రమ్ము పోసేది. ఈ తీరపు షేకులతో 1820లో ఒప్పందం కుదిరిన దగ్గర్నుంచీ ఈ సింధుశాఖలో గస్తీ తిరిగిన ఓడలు బ్రిటిష్‌వాళ్లవే, 1930ల నుంచి బహ్రెయిన్‌లోని జుఫైర్ ఆ నౌకాదళం స్థావరం. అంటే ముత్యాల కోసం ఖతారీలు ముక్కుకు క్లిప్పు పెట్టుకుని నీళ్లలో దూకిన ఈ సముద్రంలోనే, పక్కన ఓడల మీద పీపాలు తెరిచి రమ్ము కొలిచి పోశారన్నమాట. 1970 జూలై 31న నౌకాదళం ఆ కోటా ఆపేసింది. మరుసటి ఏడు సెప్టెంబరు 3న ఖతార్ స్వతంత్ర దేశమైంది. ఈ రెండింటికీ సంబంధం లేదు, తేదీలు అలా పక్కపక్కన పడ్డాయంతే.

స్వతంత్రం వచ్చాక మందు విషయంలో ఈ దేశం నడిపింది మొహమాటపు కాపురం. 2011 డిసెంబరులో పెర్ల్ ద్వీపంలోని రెస్టారెంట్లలో మద్యం హఠాత్తుగా ఆపేశారు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ నవంబరు 20న మొదలవ్వాలి. 18న, స్టేడియాల దగ్గర బీరు అమ్మరని ఫీఫా ప్రకటించింది. స్పాన్సర్ బడ్‌వైజర్ అప్పటికే సరుకు దింపుకుంది. అల్ బిడ్డా పార్కులో మాత్రం సాయంత్రం ఏడు దాటాక అర లీటరు 50 రియాళ్లకు పోశారు. అతిథి కోసం తలుపు తెరవాలి, ఇంట్లోవాళ్లకు కనబడకుండా. ఖతారీల వైపు నుంచి చూస్తే ఇందులో తప్పు కనబడదు. దేశంలో పౌరులు పది, పన్నెండు శాతమే. తమ ఇంటి ఆచారం తామే కాపాడుకోకపోతే ఎవరు కాపాడతారన్నది వాళ్ల భయం. నాకు అభ్యంతరం నిషేధం మీద కాదు, ఆ జీతం గీత మీద. మతం వద్దంటే అందరికీ వద్దు. నాలుగు వేలు వచ్చేవాడికి పాపం కానిది పద్దెనిమిది వందలవాడికి ఎలా అవుతుంది?

గీత కింద ఉన్నవాళ్లలో తాగేవాళ్లు తాగకుండా ఉండరు. దొంగతనంగా కాచినది కొంటారు. 2025 ఆగస్టులో పొరుగున కువైట్‌లో కల్తీ మద్యం 160 మందిని ఆస్పత్రిపాలు చేసింది, 23 మందిని చంపింది. బాధితులంతా ఆసియా దేశాలవాళ్లని అక్కడి ఆరోగ్య శాఖే చెప్పింది. బెల్లం ఊటలో విషం ఉంటుందనుకోవడం పొరపాటు. చెరకు పులిస్తే పుట్టే మిథనాల్ చాలా తక్కువ. ప్రాణం తీసేది ఫ్యాక్టరీల కోసం తయారైన మిథనాల్‌ను అందులో కలపడం. రుచిలో తేడా తెలియదు, తెలిసేసరికి చూపు పోతుంది. తాగేవాణ్ని తిట్టి ఊరుకోవడం మనకూ అలవాటే. 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో సడలించారు. ఆ నడుమ ఊళ్లలో గుడుంబ ఎంత పెరిగిందో ఆ వయసువాళ్లను అడగండి.

కుర్రాడికి రద్దీ తగ్గింది. పక్కనొచ్చి నిలబడ్డాడు. వాళ్ల నాన్న బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి బండ్లలో చెరకు తోలిన రైతట. నిజాం కాలంలో, 1930ల చివర్లో మొదలైన ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని ఆ జిల్లావాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. 2002లో ప్రైవేటు చేతికెళ్లింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. చెరకు పోయి వరి, పసుపు వచ్చాయి, కొడుకులు గల్ఫ్ వచ్చారు. తిరిగి తెరిపిస్తామంటూ 2024లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది.

గ్లాసులో చివరి గుక్క మిగిలి ఉండగా నాకొక ఊహ వచ్చింది, అతనికి చెప్పాను. హర్యానాలో పికాడిలీ వాళ్లు చెరకు రసంతో కాచి, పన్నెండేళ్లు పీపాల్లో ఉంచి, 50 శాతం దగ్గర కామికర అనే రమ్ము తెచ్చారు. గోవాలోనూ చిన్న చిన్న కంపెనీలు రమ్ము చేస్తున్నాయి. చెరకు, బట్టీ రెండూ తెలిసిన మన ఊళ్లకు పీపా ఒక్కటే తక్కువ. బోధన్ మొలాసిస్‌ను ఓక్‌లో పోస్తే ఎలా ఉంటుంది? లెక్క కూడా వేశాను. మన ఎండకు ఏటా పదో వంతు ఆవిరైపోతుంది. బెంగళూరులో విస్కీ చేసే అమృత్ వాళ్లు చెప్పే లెక్క ఇంచుమించు అదే. 200 లీటర్ల పీపాలో ఎనిమిదేళ్ల తరువాత మిగిలేది 86 లీటర్లు. నిజామాబాద్ ఎండ పొడి ఎండ. పొడి గాలిలో మద్యం కంటే నీళ్లే ముందు ఎగిరిపోతాయి, అందుకని ఘాటు తగ్గకపోగా పెరుగుతుంది. కెంటకీ గోదాముల పైఅంతస్తుల్లో జరిగేది అదే. 60 శాతంతో మొదలుపెడితే 60 దాటి సీసాకెక్కొచ్చు.

అతను శ్రద్ధగానే విన్నాడు. ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "పీపాల సంగతి తర్వాత సూద్దాంలే అన్నా. ముందుగాల మా నాయినకు రావల్సిన చెరుకు పైసల్ అడుగుర్రి" అన్నాడు. ఇంకేమైనా తెమ్మంటారా అని మళ్లీ ఇంగ్లీషులోకి మారాడు. వెనక టేబుల్ నుంచి ఎవరో పిలుస్తున్నారు.